ఇంజను ఊపిరికి కావలి: గాస్కెట్టు, సీలెంటు

కొబ్బరిబొండములో గొట్టము వేసి నీరు త్రాగు పిల్లలకు ఒక చిక్కు అప్పుడప్పుడు ఎదురగును. గొట్టము ప్రక్కన ఎక్కడనో సూదిమొనంత రంధ్రము పడియుండును. ఎంత బలముగా పీల్చినను నీరు సరిగా పైకి రాదు. బుడబుడమని గాలి మాత్రము నోటిలోనికి వచ్చును. రంధ్రమును వ్రేలితో మూసిన వెంటనే నీరు మరల ధారగా వచ్చును. మోటారుకారు ఇంజను కూడ ఇట్లే పీల్చి పనిచేయు యంత్రము. అది పీల్చు త్రోవలో ఎక్కడ అతుకున్నను అక్కడ ఇట్టి రంధ్రము పడుటకు అవకాశము కలదు. అందుచే అతుకుల నడుమ ఒక పలుచని పొరను అమర్చుదురు. దానిని గాస్కెట్టు అందురు. మరమ్మతు షాపులలో ‘ప్యాకింగు’ అని వాడుక. కొన్ని తావుల ఈ పొరకు బదులుగను, మరికొన్ని తావుల దానికి తోడుగను ట్యూబునుండి పిండెడు ఒక పేస్టును పూయుదురు. అది సీలెంటు.

ఈ రెండును చవుకైన వస్తువులే. కాని వీనిని అమర్చుటలో జరుగు పొరపాటువలన ఎంతో విలువైన ఇంజను చెడిపోవచ్చును. పొరపాట్లు రెండు విధములు. అవసరమైన చోట సీలెంటు వేయకుండుట మొదటిది. అవసరము లేనిచోట, ‘ఉంటే మంచిదే కదా’ యని దట్టముగా పూయుట రెండవది. మొదటిదాని ఫలితము వెంటనే కారుచు కనబడును. రెండవదాని హాని లోలోపల జరుగుచుండును. ఏది ఎక్కడ వాడవలెనో తెలియుటకు ముందుగా ఇంజను ఎట్లు ఊపిరి పీల్చునో తెలిసికొనవలెను.

ఇంజను పీల్చుట

పెట్రోలు ఇంజనులో పిస్టను క్రిందికి దిగునపుడు సిలిండరులో పీడనము తగ్గును. అప్పుడు తెరచుకొనిన కవాటము గుండా బయటి గాలి లోనికి చొచ్చుకొనిపోవును. ఈ గాలిని ఒక్కొక్క సిలిండరుకు పంచి యిచ్చు కొమ్మలుగల గొట్టమే ఇన్‌టేక్ మానిఫోల్డు. దాని మొదట త్రాటిల్ అను చిన్న రెక్క యుండును. డ్రైవరు ఆక్సిలరేటరును నొక్కిన కొలది ఈ రెక్క తెరచుకొనును.

కారు నిలిచియుండి ఇంజను మెల్లగా తిరుగుచున్నపుడు రెక్క దాదాపు మూసికొనియుండును. పిస్టనులు పీల్చుచునే యుండును. గాలి మాత్రము ఇరుకు సందులోనుండి రావలెను. అందుచే మానిఫోల్డులో పీడనము బాగుగా తగ్గిపోవును. సముద్రమట్టమున వాతావరణ పీడనము 76 సెం.మీ. పాదరస స్తంభమునకు సమానము. ఆరోగ్యముగానున్న ఇంజను మెల్లగా తిరుగునపుడు మానిఫోల్డులోని పీడనము అంతకంటె సుమారు 45 నుండి 55 సెం.మీ. తక్కువగా నుండును. అనగా మానిఫోల్డు గోడపైనను, దాని అతుకుపైనను, ప్రతి చదరపు సెంటీమీటరునకు కిలోగ్రాములో మూడింట రెండు వంతుల బరువుతో బయటి గాలి నొక్కుచుండునన్నమాట.

ఈ లోపలి పీడనమును కొలుచుటకు మెకానిక్కులు వాక్యూమ్ గేజి వాడుదురు. ఇందొక మెలకువ కలదు. పుస్తకములలో ఇచ్చు అంకెలు సముద్రమట్టమునకు చెల్లును. విశాఖపట్టణమున 50 సెం.మీ. చూపిన ఇంజను, సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తునగల హైదరాబాదులో 4 సెం.మీ. లేక ఆపైన తక్కువ చూపవచ్చును. అక్కడ వాతావరణ పీడనమే తక్కువ. అది గాస్కెట్టు తప్పు కాదు.

ఒక చిన్న రంధ్రము చేయు పని

పెట్రోలు పూర్తిగా మండుటకు ఒక గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. ఈ పాలు మారినచో ఇంజను నడక మారును. గాలి హెచ్చైన మిశ్రమమును పలుచని మిశ్రమమందురు. అది మెల్లగా మండును. మరీ పలుచనైనచో నిప్పురవ్వ పడినను అంటుకొనదు.

ఇప్పుడొక లెక్క చూడవచ్చును. గాస్కెట్టు ఒకచోట చినిగి 1 చదరపు మిల్లీమీటరు వైశాల్యముగల రంధ్రమేర్పడినదనుకొందము. దాని వ్యాసము ఒక మిల్లీమీటరుకంటె కొంచెము హెచ్చు. లోపలి పీడనము బయటి పీడనములో నూటికి 53 వంతులకంటె తక్కువైనపుడు రంధ్రము గుండా పోవు గాలి ధ్వనివేగము నందుకొనును. అంతకుమించి లోపలి పీడనమెంత తగ్గినను ప్రవాహము పెరుగదు. మెల్లగా తిరుగు ఇంజను మానిఫోల్డులో పీడనము ఈ హద్దుకు క్రిందనే యుండును. చినిగిన గాస్కెట్టు దగ్గర వినబడు ‘స్‌స్‌స్’ అను చప్పుడు ఈ పరుగుదే. ఇట్టి రంధ్రము గుండా సెకనుకు సుమారు 0.2 గ్రాముల గాలి లోనికి పోవును.

అంబాసడరు కారులో చిరకాలము వాడబడిన 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను మెల్లగా తిరుగునపుడు పీల్చు గాలి, లెక్క వేయగా, సెకనుకు సుమారు 3 గ్రాములు. ఆ ఇంజను తలలో సిలిండర్లు నాలుగైనను, గాలి ప్రవేశించు ద్వారములు రెండే. ఒక్కొక్క ద్వారము రెండేసి సిలిండర్లకు గాలి నిచ్చును. ఒక ద్వారము దగ్గర పైన చెప్పిన రంధ్రము పడినచో ఆ ద్వారమునకు రావలసిన 1.5 గ్రాముల గాలికి 0.2 గ్రాములు అదనముగా చేరును. పెట్రోలు మాత్రము పెరుగదు. 14.7 ఉండవలసిన పాలు 16.7కు చేరును. మిగిలిన రెండు సిలిండర్లు సరిగా మండుచుండగా ఈ రెండును తడబడును. ఇంజను కుదుపుతో తిరుగును. రంధ్రము నాలుగు రెట్లయినచో ఆ రెండు సిలిండర్లు మండుటయే మానవచ్చును.

ఆక్సిలరేటరును పూర్తిగా నొక్కినపుడు ఈ వ్యాధి మాయమైనట్లుండును. అప్పుడు రెక్క తెరచుకొని మానిఫోల్డులోని పీడనము వాతావరణ పీడనమునకు దగ్గరగా వచ్చును. తోయు శక్తి లేనందున రంధ్రము గుండా వచ్చు గాలి తగ్గును. ఇంజను పీల్చు మొత్తము గాలి పెక్కు రెట్లు పెరుగును. ‘నిలిచినపుడు కుదుపు, పరుగులో సుఖము’ అను లక్షణము కనబడినపుడు అనుభవముగల మెకానిక్కు మొదట మానిఫోల్డు అతుకును అనుమానించును.

నేటి కార్లలో కార్బురేటరు లేదు. లోనికి వచ్చు గాలిని ఒక సాధనము కొలువగా, కంప్యూటరు తగినంత పెట్రోలును చిమ్మించును. ఆ సాధనమును దాటిన తరువాత అతుకులోనుండి దొంగదారిన వచ్చిన గాలి లెక్కకు రాదు. పొగగొట్టములోని ఆక్సిజను సెన్సారు మిశ్రమము పలుచనైనట్లు పసికట్టి పెట్రోలును పెంచించును. కొంతవరకు లోపము కప్పబడును. హద్దు దాటినపుడు హెచ్చరిక దీపము వెలుగును. అనేక కార్లలో బ్రేకుకు బలమునిచ్చు పరికరము కూడ మానిఫోల్డులోని అల్పపీడనము మీదనే ఆధారపడును. అతుకు బాగుగా తెగిపోయినచో బ్రేకుపై కాలితో మరింత గట్టిగా నొక్కవలసి వచ్చును. కనుక ఇది పెట్రోలు ఖర్చుకు మాత్రమే సంబంధించిన మాట కాదు.

రెండు లోహములు ఎందుకు అతుకవు

నునుపుగా చెక్కిన లోహపు ముఖమును సూక్ష్మదర్శినిలో చూచినచో కొండలు, లోయలు కనబడును. అట్టి రెండు ముఖములను కలిపి బిగించినపుడు శిఖరములు మాత్రమే తాకును. లోయలన్నియు కలిసి సన్నని కాలువలగును. వానినుండి గాలియు, నీరును, నూనెయు పోగలవు. లోహముకంటె మెత్తని పొరను నడుమ నుంచి నొక్కినచో అది లోయలలోనికి దిగి వానిని పూడ్చును. ఇదియే గాస్కెట్టు చేయు మొదటి పని.

రెండవ పని ఇంతకంటె కష్టము. ఇంజను వేడెక్కినపుడు, చల్లారినపుడు ముఖములు కొంచెము దూరమై మరల దగ్గరగును. నొక్కబడిన పొర ఆ కదలికను వెంటాడుచు తిరిగి పొంగవలెను. అనగా కొంత మెత్తదనము, కొంత స్థితిస్థాపకత రెండును కావలెను.

ఈ నొక్కుడును ఇచ్చునది బోల్టు. బోల్టును బిగించుట అనగా గట్టి స్ప్రింగును లాగి పట్టుటయే. మరను త్రిప్పగా కాడ కంటికి కనబడనంతగా సాగును. సాగిన కాడ తిరిగి కుదించుకొనవలెనను ప్రయత్నములో రెండు ముఖములను దగ్గరకు లాగును. 8 మి.మీ. వ్యాసముగల బోల్టును 20 న్యూటను మీటర్ల బలముతో త్రిప్పినచో అది సుమారు 12,500 న్యూటన్ల బిగువుతో, అనగా దాదాపు 1,275 కిలోగ్రాముల బరువుతో, నొక్కును. త్రిప్పుటకు మనిషి పెట్టు శ్రమలో సుమారు పదింట తొమ్మిది వంతులు బోల్టు తలక్రిందను, మరలోను ఘర్షణకే పోవును. మిగిలిన పదవ వంతే కాడను సాగదీయును. కావున మరలో మురికియున్నచో పానా అదే అంకెను చూపినను బిగువు తక్కువగును. తయారీదారు చెప్పకుండ నూనె పూసినచో బిగువు హద్దు మీరును.

గాస్కెట్టు పదార్థములు

తొలినాటి ఆవిరియంత్రముల అతుకులలో తోలు, జనపనార, సీసపు ముద్ద వాడెడివారు. మోటారు ఇంజను వేడికి అవి చాలవు. రాతినార అనబడు ఆస్బెస్టాసు నిప్పులో కాలదు, మెత్తగా నొక్కబడును, చవుక. దానిని రాగిరేకుల నడుమ పెట్టియు, రబ్బరుతో కలిపి రేకులుగా నొక్కియు ఇరువదవ శతాబ్దమున చాలకాలము వాడిరి. అయితే దాని సన్నని నూగు ఊపిరితిత్తులలో చేరి అనేక సంవత్సరముల తరువాత ఊపిరితిత్తుల గట్టిపాటును, క్యాన్సరును కలిగించునని రుజువైనది. ఐరోపా సమాజ దేశములలో 2005 మొదలు దాని వాడుక నిషేధింపబడెను. అమెరికాలో మిగిలియున్న వాడుకలను నిషేధించుచు 2024లో ఆజ్ఞ వెలువడెను. పాత కార్ల గాస్కెట్టులలో ఇది యుండవచ్చును. వానిని పొడిగా గీకుట, రుద్దుట, గాలితో ఊదుట ప్రమాదకరము; తడిపి తీసివేయవలెను. పాఠశాలలో ప్రదర్శనకై పాత గాస్కెట్టులను తేకుండుట మేలు.

నేడు దాని స్థానమున గ్రాఫైటు, కృత్రిమ నారలు, పలుచని ఉక్కురేకుల దొంతరలు, వివిధ రబ్బరులు వాడుకలో నున్నవి. వీనిలో రెండిటిని పోల్చిచూచిన భౌతికశాస్త్ర విద్యార్థికి మంచి పాఠము దొరకును. కార్కు అనబడు బెండు పోర్చుగల్, స్పెయిను దేశములలో విరివిగా పెరుగు ఒకజాతి ఓక్ చెట్టు బెరడు. 1665లో రాబర్టు హుక్ సూక్ష్మదర్శినిలో దీని పలుచని ముక్కను చూచియే ‘కణము’ అను మాటను వాడెను. ఆ కణములన్నియు గాలితో నిండినవి. అందుచే బెండును పైనుండి నొక్కినచో అది ప్రక్కలకు ఉబ్బదు. దాని పాయిజాన్ నిష్పత్తి దాదాపు సున్న. రబ్బరు ఇందుకు విరుద్ధము. దాని ఘనపరిమాణము మారదు. పైన నొక్కినంత ప్రక్కకు పొంగును. దాని నిష్పత్తి దాదాపు సగము. కనుక రబ్బరు గాస్కెట్టుకు పొంగుటకు చోటుండునట్లు లోహములో గాడి తీయుదురు. చోటులేక బిగించినచో రబ్బరు బయటికి జారిపోవును. బెండు తునకలను రబ్బరులో కలిపి రెండిటి గుణములను కూర్చుటయు కలదు.

రబ్బరునకు చలి శత్రువు. 1986 జనవరి 28వ తేదీన అమెరికావారి చాలెంజరు వ్యోమనౌక బయలుదేరిన 73 సెకనులకు నాశనమై ఏడుగురు మరణించిరి. రాకెట్టు అతుకులోని రబ్బరు వలయము చలికి బిరుసెక్కి, విడివడుచున్న సందును వెంటాడి మూయలేకపోవుటయే కారణమని తేలెను. విచారణ సంఘములోనున్న భౌతికశాస్త్రజ్ఞుడు రిచర్డు ఫైన్‌మన్ అట్టి రబ్బరు ముక్కను బిగించి మంచునీటిలో ముంచి, వదలిన తరువాత అది వెంటనే పూర్వాకారము పొందకుండుట అందరికి చూపెను. గాస్కెట్టునకు తిరిగి పొంగు గుణము ఎంత ముఖ్యమో ఇంతకంటె విషాదకరమైన నిదర్శనము లేదు.

సీలెంటులు

గాస్కెట్టు ముందే ఆకారము గల పొర. సీలెంటు ద్రవముగా వచ్చి అక్కడనే ఆకారము దాల్చు పొర. పాత సీలెంటులలో ఒకటి మన దేశపు సరకు. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై లక్కపురుగులు విసర్జించు లక్కను శుద్ధిచేసి స్పిరిటులో కరగించినచో చిక్కని వార్నీషు తయారగును. పాండవుల లక్కయింటి కథలో నిప్పుకు ఎరయైన లక్కయే మోటారు యుగములో గాస్కెట్టులకు పూతయైనది. స్పిరిటు ఆరిన పిమ్మట మిగులు పొర పెట్రోలుకు కరుగదు. కాగితపు గాస్కెట్టును జారకుండ పట్టుటకు ఇది పనికివచ్చును.

ఇప్పుడు విరివిగా వాడబడునది సిలికోను పేస్టు. దీని అణువు సిలికను, ఆక్సిజను పరమాణువులు ఒకటి విడిచి ఒకటిగా చేరిన పొడవైన గొలుసు. ట్యూబునుండి బయటికి వచ్చిన తరువాత గాలిలోని తేమ ఈ గొలుసులను ఒకదానితో నొకటి ముడివేయగా పేస్టు రబ్బరుగా మారును. తేమ బయటినుండి లోనికి పోవలెను కనుక గట్టిపడుటయు అదే దిశలో జరుగును. రెండు మూడు మిల్లీమీటర్ల మందమునకు సుమారు ఒక రోజు పట్టును. కొన్ని రకములు గట్టిపడునపుడు వెనిగరు వాసన వచ్చును; అది వెలువడు ఎసిటిక్ ఆమ్లము. ఈ ఆమ్లము లోహమును తినవచ్చును. కొన్ని సిలికోనుల ఆవిరి ఇంజనులో కాలి సన్నని ఇసుకపొరగా ఆక్సిజను సెన్సారుపై పేరుకొని దానిని గ్రుడ్డిదానిని చేయును. అందుచే సెన్సారుకు హాని చేయదని తెలుపబడిన రకమునే ఇంజనులో వాడవలెను.

సిలికోనుకు నూనె, నీరు చాలవరకు పొసగును, పెట్రోలు పొసగదు. పెట్రోలులో సాధారణ సిలికోను ఉబ్బి మెత్తబడి బలము కోల్పోవును. ఈ ఒక్క వాక్యము గుర్తున్నచో సగము పొరపాట్లు తప్పును.

ఇంకొక జాతి సీలెంటు దీనికి తలక్రిందుగా పనిచేయును. అది గాలి తగిలినంతకాలము ద్రవముగా నుండి, లోహపు ముఖముల నడుమ గాలి అందనపుడు గట్టిపడును. అమెరికాలోని ట్రినిటీ కళాశాల రసాయనశాస్త్రాచార్యుడు వెర్నను క్రీబుల్ 1953లో దీనిని రూపొందించెను. చక్కగా చెక్కబడి, కదలిక లేని గట్టి లోహపు ముఖముల నడుమనుండు అతి సన్నని సందులకు ఇది తగినది. వెడల్పైన ఖాళీలను పూడ్చలేదు.

రెండు ఇంజనులు, రెండు పద్ధతులు

పైన చెప్పిన అంబాసడరు ఇంజనులో సిలిండర్లు ఒకే వరుసలో నుండును. మానిఫోల్డు తలకు ప్రక్కన అమరియుండును. ఆ అతుకు గుండా పోవునవి పెట్రోలు కలిసిన గాలియు, అదే ప్రక్కనున్న ద్వారములనుండి వెలువడు వేడి పొగయు. నూనెకు గాని, నీటికి గాని అక్కడ పనిలేదు. పెట్రోలు తగులుచోట సిలికోను నిలువదు; ఎర్రని వేడిలో మాడిపోవును. కనుక వేడికి తాళు గాస్కెట్టును శుభ్రమైన ముఖముల నడుమ పొడిగా పెట్టి బిగించుటయే సరియైన పద్ధతి. ముఖము వంగియున్నచో సీలెంటుతో కప్పిపుచ్చుట గాక, మరల చెక్కించవలెను.

1955 సంవత్సరపు కార్లతో అమెరికాలో ప్రవేశించిన షెవ్రొలే వి-8 ఇంజను సంగతి వేరు. అందు నాలుగేసి సిలిండర్ల రెండు వరుసలు 90 డిగ్రీల కోణములో నుండును. మానిఫోల్డు ఆ లోయకు మూతవలె పైనుండి కూర్చుండును. దానికి రెండు ప్రక్కల తలలు. ముందు వెనుకల ఇంజను దిమ్మె అంచులు. ఈ ఒక్క మూత నాలుగింటిని విడివిడిగా కాపాడవలెను: ప్రవేశించు గాలి, చల్లబరచు నీరు, లోయలో చిమ్ముచుండు నూనె, కార్బురేటరును వెచ్చబెట్టు పొగ. ప్రక్కల అతుకులకు అచ్చులో కోసిన గాస్కెట్టులు అమర్చుదురు. ముందు వెనుక అంచుల సందు సమముగా నుండదు. అచట మొదట బెండు లేక రబ్బరు పట్టీలు ఇచ్చెడివారు. బిగించునపుడు అవి జారిపోవుట మామూలగుటచే, పలువురు మెకానిక్కులు పట్టీని మాని సుమారు 6 మి.మీ. మందముగల సిలికోను తీగను పరతురు. అచట తగులునది నూనె మాత్రమే. సిలికోనుకు అది తగిన చోటు. ప్రక్క గాస్కెట్టు, అంచు తీగ కలియు నాలుగు మూలలలో తీగను గాస్కెట్టుపైకి కొంచెము ఎక్కించుదురు. నూనె మొదట కారునది ఆ మూలలనుండియే. నీటి ద్వారముల చుట్టు పలుచని పూత చాలును. గాలి ద్వారముల చుట్టు పూయరాదు.

ఈ ఇంజనులో ఒక రహస్యపు రంధ్రము పడుట కలదు. గాలి ద్వారమునకు క్రిందివైపున, లోయలోనికి గాస్కెట్టు తెగినచో బయట చప్పుడు వినబడదు, ఏదియు కారదు. ఇంజను లోయలోని నూనెను పీల్చి కాల్చును. నూనె తరుగుటయు, నీలిపొగయు మాత్రమే సాక్ష్యములు. నీటి ద్వారము దగ్గర తెగినచో నీరు నూనెలో కలిసి నూనె పాలు కలిసిన కాఫీ రంగునకు మారును. అట్టి నూనె బేరింగులను కాపాడలేదు.

అల్యూమినియము మానిఫోల్డు ఇనుప తలలపై కూర్చున్నపుడు మరొక చిక్కు కలదు. అల్యూమినియము వ్యాకోచము ఇనుముకు దాదాపు రెట్టింపు. అర మీటరు పొడవు మానిఫోల్డు 60 డిగ్రీల సెంటీగ్రేడు వేడెక్కినపుడు అల్యూమినియము 0.69 మి.మీ., ఇనుము 0.33 మి.మీ. సాగును. తేడా మిల్లీమీటరులో మూడవ వంతునకు పైన. ఇంజను వేడెక్కి చల్లారిన ప్రతిమారును గాస్కెట్టుపై ఈ రాపిడి జరుగుచుండును. చలనమును సహించు పొర ఎందుకు కావలెనో దీనిచే తెలియును.

నేటి పెక్కు కార్లలో మానిఫోల్డు గాజునార కలిపిన నైలానుతో పోతపోయబడును. గాడిలో రబ్బరు వలయము అమరియుండును. బోల్టు రంధ్రములలో లోహపు గొట్టములుండి ప్లాస్టిక్కు నలగకుండ బిగువును తాము భరించును. వీనికి సీలెంటు పూయుట నిషిద్ధము. గాడిలో పేస్టు నిండినచో రబ్బరు పొంగుటకు చోటుండదు.

అమర్చు విధానము

మొదట ద్వారములను శుభ్రమైన గుడ్డలతో మూసి పాత పొరను ప్లాస్టిక్కు లేక చెక్క గరిటెతో తీయవలెను. త్రిప్పుడు యంత్రమునకు గరుకు బిళ్ళలు తగిలించి రుద్దరాదు. వానినుండి రాలు కఠినమైన పొడి నూనెలో చేరి బేరింగులను అరగదీయును. సరళపు బద్దను ముఖముపై నిలిపి, క్రింద మందము కొలుచు రేకులు దూరునేమో చూచి వంపు తెలిసికొనవలెను. ముఖములపై నూనె జిడ్డు లేకుండ తుడువవలెను. జిడ్డుపై సిలికోను అంటుకొనదు. కొత్త గాస్కెట్టును మొదట పొడిగా పెట్టి అన్ని రంధ్రములు సరిపోవుచున్నవో లేదో చూడవలెను.

సీలెంటు అవసరమైన చోట తెగని ఒకే తీగగా పరచి, పైన పొర కట్టకముందే మానిఫోల్డును నేరుగా క్రిందికి దింపవలెను. ప్రక్కకు జరిపినచో తీగ తుడుచుకొనిపోవును. నూనెలోనికి లేక నీటిలోనికి తెరచుకొను బోల్టు రంధ్రములున్నచో ఆ మరలకు తగిన సీలెంటు పూయవలెను. బోల్టులను నడుమనుండి ఆరంభించి ఇరువైపులకు, ఒకటి ఇటు ఒకటి అటుగా, రెండు మూడు విడతలలో తయారీదారు చెప్పిన అంకెవరకు బిగించవలెను. ఒక చివర పూర్తిగా బిగించి రెండవ చివరకు పోయినచో పొర మధ్య ముడుత నిలిచిపోవును. తరువాత సీలెంటు గట్టిపడుటకు చెప్పిన సమయము ఆగవలెను.

పేస్టు ఎక్కువైనచో ఏమగును? బిగించినపుడు మిగులు పేస్టు బయటికెంత పొంగునో లోపలికిని అంతయే పొంగును. బయటిది కనబడును, తుడిచివేయవచ్చును. లోపలిది గట్టిపడి, వేడికి, నూనెకు నాని, ఒకనాడు తునిగి నూనె తొట్టిలో పడును. అచట నూనెను పీల్చు గొట్టమునకు జల్లెడ యుండును. రబ్బరు తునకలు ఆ జల్లెడను కప్పినచో నూనె అందక బేరింగులు పట్టివేయును. రెండు గ్రాముల పేస్టు ఇంజనును చంపుట అనగా ఇదియే.

లోపమును వెదకుటలో కొందరు మండెడు ద్రవములను వేడి ఇంజనుపై చిమ్ముదురు. అగ్నిప్రమాదము కలుగు పద్ధతి అది. ఇంజను ఆపి, మానిఫోల్డులోనికి పొగను స్వల్ప పీడనముతో పంపు సాధనము ఇంతకంటె క్షేమకరము. పొగ వెలువడిన చోటే రంధ్రము.

తరగతిలో ఒక ప్రయోగము

అంచులు సమానముగానున్న దళసరి గాజు గ్లాసులు రెండు, చిన్న క్రొవ్వొత్తి ముక్క, అద్దుడు కాగితము చాలును. కాగితమును గ్లాసు మూతికి సరిపడు వలయముగా కోసి నీటిలో తడుపవలెను. క్రింది గ్లాసులో క్రొవ్వొత్తిని ఉపాధ్యాయుడే వెలిగించి, మూతిపై తడి వలయమునుంచి, రెండవ గ్లాసును బోర్లించి మెల్లగా నొక్కవలెను. క్రొవ్వొత్తి ఆరి, లోపలి గాలి చల్లారిన కొలది పీడనము తగ్గును. పై గ్లాసును ఎత్తినచో క్రిందిది కూడ దానితో లేచును. ఎత్తునపుడు క్రింద మెత్తని గుడ్డ పరచుట మంచిది.

తరువాత వలయము లేకుండను, వలయమును ఒకచోట సన్నగా చీల్చియు, వలయము క్రింద ఒక ఇసుక రేణువునుంచియు మరల చేయించవలెను. గ్లాసులు అంటుకొనవు. వలయము లేనిచో రెండు గాజు ముఖముల నడుమ సందు; చీలినచో చినిగిన గాస్కెట్టు; ఇసుక రేణువుతో శుభ్రము చేయని ముఖము. చివరకు చీలికకు కొంచెము గ్రీజు అద్ది చూడవలెను. ఇప్పుడు అది నిలుచును. గాస్కెట్టు చేయలేని చిన్న పనిని సీలెంటు ఎట్లు పూర్తిచేయునో విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అతుకులో ఏ పదార్థము పోవుచున్నది, ఎంత వేడి, ఎంత సందు, ఎంత కదలిక అను నాలుగు ప్రశ్నలకు సమాధానము తెలిసినవానికి గాస్కెట్టు చాలునో, సీలెంటు కావలెనో, రెండును కావలెనో తేటపడును. తెలియనివాడు ట్యూబు మొత్తము పిండును.